ఎరుపు చుక్క లేని విమానం

పెట్టెలో వచ్చేవి ఉత్త ప్లాస్టిక్ ముక్కలు. అతికిస్తే విమానం అవుతుంది. రంగు వేశాకే అది ఫలానా దేశానిది, ఫలానా రోజుది అవుతుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి బాంబర్ ‘లిబరేటర్’ మోడల్‌కి రంగు వేయాలంటే కుంచె కంటే ముందు చరిత్ర పుస్తకం పట్టుకోవాలి!

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. ఇంట్లో అందరూ ఓ కునుకు తీస్తుంటే ఒకాయన మాత్రం కిటికీ పక్కన బల్లమీద పాత పేపరు పరుచుకుని కూర్చుంటాడు. ఎదురుగా ఓ విమానం. రెక్కలు అతికించడం అయిపోయింది. సందుల్లో పుట్టీ పెట్టడమూ, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దడమూ అయిపోయాయి. ఇక మిగిలింది రంగే. ‘ఏముంది, ఓ పూట పని’ అనుకుంటారు చూసేవాళ్లు. స్కేల్ మోడలింగ్ అలవాటున్నవాళ్లు ఆ మాట వింటే నవ్వేస్తారు. అతికించడానికి వారం పడితే, రంగులేసి పూర్తిచేయడానికి నెల పట్టినా వాళ్లకి ఆశ్చర్యం లేదు.

ఆ నెల రోజులూ చేతికన్నా బుర్రకే పని ఎక్కువ. ఏ రంగు వేయాలి? ఎక్కడ వేయాలి? ఎక్కడ మెరవాలి, ఎక్కడ మాసిపోవాలి? వీటన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకోటుంది. ఇంతకీ ఇది ఎవరి విమానం?

యుద్ధంలో పుట్టిన చాలా విమానాలకి ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే. బి-24 లిబరేటర్‌కి మాత్రం అలా కాదు. అమెరికాలో పుట్టి, బ్రిటన్ చేతికి వెళ్లి, చివరికి మన దేశంలో స్థిరపడ్డ లిబరేటర్లున్నాయి. అందుకే ఈ బొమ్మకి రంగు వేయడం అంత తేలిక్కాదు. అంత ఆసక్తికరమైన పనీ ఇంకోటి లేదు.

గంటకో విమానం

లిబరేటర్ అంటే విముక్తి కలిగించేది అని అర్థం. అమెరికాకి చెందిన కన్సాలిడేటెడ్ కంపెనీ దీన్ని తయారుచేసింది. నాలుగు ఇంజిన్లు, రెండు నిలువు తోకలు, సన్నగా పొడవుగా సాగే రెక్క. ఆ రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి 110 అడుగులు. బాంబులు పెట్టే గది తలుపులు కిందికి తెరుచుకోవు... కిరాణా కొట్టు షట్టర్‌లాగా పక్కల మీదుగా పైకి చుట్టుకుపోతాయి. యుద్ధకాలంలో 18 వేలకు పైగా లిబరేటర్లు తయారయ్యాయి. కార్ల కంపెనీ ఫోర్డ్ వీటికోసం మిషిగన్ రాష్ట్రంలోని విల్లో రన్‌లో ఓ మహా కర్మాగారం కట్టింది. ఉత్పత్తి ఊపుమీదున్నప్పుడు అక్కడి నుంచి గంటకో విమానం బయటికొచ్చేది.

ఇంత పెద్ద విమానాన్ని 72వ వంతుకి కుదిస్తే రెక్క 46 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే మూరకి కాస్త అటూ ఇటూ. టీవీ పక్కన పెట్టుకోవచ్చు. 48వ వంతు మోడలైతే 70 సెంటీమీటర్లు. దానికి అలమరలో చోటు వెతుక్కునే ముందు ఇంట్లోవాళ్ల అనుమతి తీసుకోవడం మంచిది! బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్, జపాన్‌లో హసెగావా, కొరియాలో అకాడమీ... ఇలా పేరున్న కంపెనీలన్నీ ఈ విమానాన్ని పెట్టెలో పెట్టి అమ్మినవే.

ఎరుపు ఎటుపోయింది?

బ్రిటిష్ యుద్ధవిమానం అనగానే గుర్తొచ్చేది గుండ్రటి గుర్తు. బయట నీలం, మధ్యలో తెలుపు, నడిమధ్యన ఎర్రటి చుక్క. కొత్తగా ఈ హాబీలోకి వచ్చినవాళ్లు ఏ బ్రిటిష్ విమానమైనా సరే ఆ గుర్తే అంటించేస్తారు. బెంగాల్‌లోని సాల్బనీ, దిగ్రీ, ధుబాలియా స్థావరాల నుంచి బర్మా మీదికి ఎగిరిన లిబరేటర్‌కి అదే గుర్తు పెడితే తప్పులో కాలేసినట్టే. ఎందుకంటే దాని మీద ఎరుపు ఉండదు. ముదురు నీలం వలయం, మధ్యలో లేత నీలం చుక్క. అంతే.

కారణం ఓ ఎర్రటి సూర్యుడు. జపాన్ విమానాల రెక్కల మీద ఎర్రటి గుండ్రటి గుర్తు ఉండేది. ఆకాశంలో రెప్పపాటులో శత్రువో మిత్రుడో తేల్చుకోవాల్సిన చోట, ఎర్రగా ఏ చుక్క కనిపించినా వేళ్లు తుపాకీ మీటల మీదికి వెళ్లేవి. సొంతవాళ్లనే కూల్చుకునే ప్రమాదం. దాంతో 1942లో అమెరికన్లు తమ తెల్ల నక్షత్రం మధ్యలో ఉన్న ఎర్రచుక్కని చెరిపేశారు. ఆ తర్వాత ఆసియాలోని బ్రిటిష్ విమానాల మీదా ఎరుపు మాయమైంది. ఆ నీలం నీలం గుర్తునే నాటి భారత వైమానిక దళమూ వాడింది.

ఆ ఎర్రచుక్క అంటే భయం మన తీరానికీ తెలుసు. 1942 ఏప్రిల్ 6న ‘ర్యూజో’ అనే జపాన్ విమానవాహక నౌక మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆనాడు పేలకుండా మిగిలిపోయిన ఓ బాంబు తొడుగు ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. బీచ్‌రోడ్డు షికారుకి వెళ్లినవాళ్లు పిల్లలకి చూపిస్తుంటారు. కాబట్టి మోడల్ మీద ఎరుపు మానేయడమన్నది రంగుల సరదా కాదు. ఆ రోజుల్లో మనుషులు దేనికి బెదిరిపోయారో అది చెబుతుంది.

తమాషా ఏంటంటే, జపాన్ కంపెనీ అమ్మే పెట్టెలో కూడా శత్రువు భయంతో ఎరుపు తీసేసిన ఆ గుర్తులనే అంతే శ్రద్ధగా అచ్చువేసి ఇస్తారు!

పాలలా పలచగా

సరే, ఏ విమానమో తేలింది. ఇప్పుడు రంగు డబ్బా మూత తీయొచ్చా? ఇంకా లేదు. ముందు స్నానం. కర్మాగారంలో అచ్చు నుంచి ముక్కలు సులువుగా ఊడిరావడానికి రాసిన జిడ్డు ప్లాస్టిక్ మీద ఉండిపోతుంది. దానిమీద రంగు నిలవదు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు కడిగే సబ్బు రెండు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టాలి. ఆ తర్వాత ప్రైమర్ పూత. ఇది బూడిద రంగులో ఉంటుంది. రంగుకి పట్టునివ్వడం దీని మొదటి పని. అసలైన పని చాడీలు చెప్పడం! అప్పటిదాకా కంటికి కనిపించని గీతలు, గుంటలు, పుట్టీ సరిగ్గా పట్టని సందులు అన్నీ ప్రైమర్ వేయగానే బయటపడతాయి. మళ్లీ ఉప్పుకాగితం, మళ్లీ ప్రైమర్. ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

ఇక రంగు. ఇక్కడ ఓ చిన్న లెక్క చూడాలి. 72వ వంతు మోడల్ మీద రంగు మిల్లీమీటరులో పదోవంతు మందం పేరుకుందనుకోండి. అసలు విమానం లెక్కలో అది 7.2 మిల్లీమీటర్లు. అంటే గోడకి సిమెంటు పూసినట్టే! ఆ మందం కింద రేకుల అతుకులు, రివెట్ల వరసలు పూడిపోతాయి. అందుకే అనుభవజ్ఞులు రంగుని పాలంత పలచగా కలిపి, ఒక పొర ఆరాక ఇంకో పొర చొప్పున మూడు నాలుగు సార్లు వేస్తారు. గాలి ఒత్తిడితో రంగుని మంచులా చిమ్మే ఎయిర్‌బ్రష్ ఉంటే పని సులువు. లేకపోయినా ఫరవాలేదు. వెడల్పాటి మెత్తటి కుంచెతో, ఒకే దిశలో, తొందరపడకుండా వేసినా చక్కగా వస్తుంది.

రంగు గాఢత విషయంలోనూ ఓ కిటుకుంది. మోడల్‌ని ఓ అడుగు దూరం నుంచి చూస్తాం. 72 రెట్ల లెక్కన అది అసలు విమానాన్ని 20 మీటర్ల అవతలి నుంచి చూడటంతో సమానం. దూరం పెరిగేకొద్దీ గాలిలోని మసక వల్ల ఏ రంగైనా కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది. దూరపు కొండలు నీలంగా కనిపించడంలేదూ... అలాగే. అందుకే డబ్బాలో ఉన్న అసలు రంగుని యథాతథంగా వేస్తే మోడల్ బొమ్మలా కనిపిస్తుంది. చిటికెడు తెలుపు కలిపితే విమానంలా కనిపిస్తుంది. నలుపు కూడా అంతే. టైర్లకి కాటుక నలుపు వేయరు, ముదురు బూడిద వేస్తారు.

మన వాతావరణంలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. వానాకాలంలో, సముద్రం పక్కన ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. అలాంటి రోజున లక్క రకం రంగో, వార్నిషో చిమ్మితే ఆరేలోపు తెల్లగా పాలిపోతుంది. నెలరోజుల శ్రమ ఐదు నిమిషాల్లో బూజుపట్టినట్టవుతుంది. పొడి ఎండ కాసే రోజు దాకా ఆగడమే మందు. ఈ రంగుల వాసన ఊపిరితిత్తులకి మంచిది కాదు కాబట్టి కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుని పనిచేయాలి. చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

అద్దాల మేడ... సీసం గుండ్లు

బాంబర్లలో ఎక్కువ విసిగించేవి అద్దాలు. ముక్కు దగ్గర, నడిపేవాళ్ల గది చుట్టూ, పైన, తోక చివర తుపాకీ గోపురాలకి అన్నిచోట్లా అద్దాలే. అద్దానికి రంగు అంటకూడదు, దాని చట్రానికి మాత్రం అంటాలి. ఆ చట్రం వెడల్పు మోడల్ మీద మిల్లీమీటరు కూడా ఉండదు. సన్నటి మాస్కింగ్ టేపుని బ్లేడుతో కోసి ప్రతి గాజుపలక మీదా అంటించుకుంటూ పోవాలి. అప్పుడు చట్రాలకి ముందు విమానం లోపలి రంగు, దానిమీద బయటి రంగు వేస్తారు. లోపలి రంగు ఎవరికి కనిపిస్తుంది అంటారా? అద్దంలోంచి తొంగిచూసినవాళ్లకి చట్రం లోపలి వైపు కనిపిస్తుంది మరి!

లిబరేటర్‌తో ఇంకో పేచీ ఉంది. దీనికి ముందు ఒకటి, వెనక రెండు చక్రాలు. మోడల్‌లో తోకవైపు బరువెక్కువ. రంగులన్నీ వేసి ఎంతో ముచ్చటపడి బల్లమీద నిలబెడితే ముక్కు పైకెత్తి తోకమీద చతికిలపడుతుంది. అసలు విమానాలకీ ఈ జబ్బు లేకపోలేదు. నేలమీద ఉన్నప్పుడు వెనక బరువెక్కువైతే అవీ తోకమీద కూర్చునేవి. దీనికి మందు ముందే వేయాలి. రెండు సగాలూ అతికించేటప్పుడే ముక్కులో చేపల గాలానికి కట్టే సీసం గుండ్లు దట్టించాలి. అప్పుడు మర్చిపోయినవాళ్లకి తర్వాత మిగిలేది తోక కింద ఓ పుల్ల ఆసరా.

వెండి పూతే అసలు పరీక్ష

యుద్ధం మొదట్లో అమెరికన్ లిబరేటర్ల పైభాగం ముదురు ఆలివ్ ఆకుపచ్చగా, కింది భాగం బూడిదగా ఉండేది. 1944కల్లా ఆకాశంలో మిత్రరాజ్యాలది పైచేయి అయింది. దాక్కోవాల్సిన అవసరం తగ్గింది. రంగు మానేస్తే బరువు తగ్గుతుంది, కర్మాగారంలో సమయమూ కలిసొస్తుంది. దాంతో అల్యూమినియం రేకు మెరుపుతోనే విమానాలు బయటికొచ్చాయి. మన దేశంలో చివరికంటా మిగిలిన లిబరేటర్లు ఆ తర్వాతి రకాలవే.

రంగు లేని విమానమంటే పని తప్పిందనుకునేరు. మోడలర్లు ఎక్కువ భయపడేది దీనికే. ఆకుపచ్చ రంగు చిన్నచిన్న తప్పుల్ని కప్పేస్తుంది. వెండి రంగు మాత్రం వెంట్రుకంత గీతని కూడా వేలెత్తి చూపిస్తుంది. ముందు నిగనిగలాడే నలుపు పూత వేసి, అది అద్దంలా ఆరాక, దానిమీద అల్యూమినియం రంగుని పలచగా చిమ్ముతారు. కింది నలుపు వల్ల పైన లోహపు మెరుపు వస్తుంది. అయినా విమానమంతా ఒకే మెరుపుతో ఉంటే స్టీలు గ్లాసులా ఉంటుంది. అసలు విమానం వందల రేకుల కూర్పు. ఒక్కో రేకూ ఒక్కోలా మెరుస్తుంది. అందుకే కొన్ని పలకల్ని టేపుతో వేరుచేసి కాస్త ముదురుగానో, కాస్త తేటగానో మళ్లీ రంగు చిమ్ముతారు. ఇంకొందరు వంటింట్లో రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌నే ముక్కలుగా కోసి జిగురుతో అంటిస్తారు. లోహానికి లోహమే సాటి కదా!

తర్వాత గుర్తులు. డెకాల్స్ అనే ఈ పలచటి బొమ్మల్ని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, కాగితం మీంచి మోడల్ మీదికి జార్చాలి. మోడల్ ఉపరితలం గరుగ్గా ఉంటే కింద గాలి చిక్కుకుని డెకాల్ అంచులు తెల్లగా మెరుస్తాయి. అందుకే ముందో గ్లాస్ వార్నిష్ పూత వేయాలి. చివర్లో రేడియో తీగలు. వీటికి దారం వాడితే నూగు కనిపిస్తుంది. ముక్కల్ని పట్టి ఉంచిన ప్లాస్టిక్ చట్రంలోంచి ఓ పుల్ల విరిచి, కొవ్వొత్తి సెగమీద మెత్తబడగానే రెండు చేతులా మెల్లగా లాగితే తలవెంట్రుకంత సన్నటి తీగ వస్తుంది. పైసా ఖర్చులేదు!

మరకలకీ లెక్కుంది

కొత్తగా మెరిసిపోయే బాంబర్ అబద్ధం. వానలో, దుమ్ములో, బెంగాల్ బురదలో నిలబడ్డ యంత్రం అది. అందుకే ఆఖరి మెట్టు మాసిన రూపం తేవడం. ముదురు గోధుమ రంగు నూనెరంగుని బాగా పలచన చేసి అతుకుల గీతల్లోకి వదిలితే అదే పాకుతుంది. పైన మిగిలింది తుడిచేస్తే గీతలు మాత్రమే తేలి కనిపిస్తాయి.

అయితే మరకని ఎక్కడపడితే అక్కడ వేయకూడదు. బ్రిటన్ వారి లాంకాస్టర్ బాంబర్ మోడల్‌లో ఇంజిన్ పొగచారలు రెక్క పైభాగాన ఉంటాయి. అది చూసి లిబరేటర్‌కీ పైనే వేస్తే నవ్వులపాలే. లిబరేటర్‌లో పొగ బయటికొచ్చే టర్బో యంత్రాలు ఇంజిన్ల అడుగున ఉన్నాయి. కాబట్టి మసి రెక్క కిందే పట్టాలి. పెచ్చులూడినట్టు చూపించడంలోనూ మితం అవసరం. మోడల్ మీద ఒక మిల్లీమీటరు పెచ్చు అంటే అసలు విమానం మీద ఏడు సెంటీమీటర్లు, అంటే దాదాపు అరచేతి వెడల్పు. ఉత్సాహంకొద్దీ ఓ వంద పెచ్చులు వేస్తే అది యుద్ధానికెళ్లిన విమానంలా కాదు, తుక్కు దుకాణంలో సరుకులా ఉంటుంది.

మరకలు ఎక్కడ పడతాయో పుస్తకాల్లోనే కాదు, దగ్గర్నుంచి చూసీ నేర్చుకోవచ్చు. విశాఖ బీచ్‌లో 2017లో తెరిచిన టీయూ-142 మ్యూజియం ఉందిగా. నౌకాదళంలో 29 ఏళ్లు పనిచేసిన ఆ సముద్ర నిఘా విమానం రష్యా బాంబర్ టీయూ-95 వంశానిదే. దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేస్తే రేకుల వరసలు ఎలా సాగుతాయో, చక్రాల గూళ్ల దగ్గర ఏముంటుందో కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది.

ముక్కు పక్కన బాంబు బొమ్మలు

చాలా బాంబర్ల ముక్కు పక్కన వరసగా చిన్నచిన్న బాంబు బొమ్మలుంటాయి. ఒక్కో బొమ్మ ఒక్కో దాడికి గుర్తు. మోడల్ మీద అవి చీమ తలకాయంత. పట్టకారుతో పట్టుకుని ఊపిరి బిగబట్టి అంటించాల్సిందే. చేయి వణక్కుండా చూసుకునే హడావుడిలో అవేంటో ఆలోచించేంత తీరిక ఎవరికీ ఉండదు.

కానీ ఆలోచించాలి. బర్మా మీదికి వెళ్లిన లిబరేటర్ల లక్ష్యాల్లో రైలుమార్గాలు, వంతెనలతో పాటు రంగూన్ రేవూ ఉంది. ఆ రంగూన్ తెలుగువాళ్లకి పరాయి ఊరు కాదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద అక్కడ మనవాళ్లని ‘కోరంగీలు’ అనేవాళ్లు. రేవులో బరువులు మోసినవాళ్లలో, మిల్లుల్లో పనిచేసినవాళ్లలో ఎందరో గోదావరి, విశాఖ జిల్లాలవాళ్లే. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద పడిన బాంబులు ఎర్రచుక్క విమానాలవి. ప్రాణాలు అరచేత పట్టుకుని లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. అడవులూ కొండలూ దాటుతూ నడిచి వచ్చినవాళ్లు, దారిలోనే రాలిపోయినవాళ్లు వేలమంది. రాలేక అక్కడే ఉండిపోయినవాళ్లున్నారు. ఆ తర్వాతి ఏళ్లలో ఆ నగరం మీద పడినవి నక్షత్రం గుర్తువి, నీలం గుర్తువి.

విమానం పేరు విముక్తి కలిగించేది. కింద నిలబడ్డవాడికి పైనుంచి పడేది బాంబే. ముక్కు పక్కన చీమ తలకాయంత బొమ్మని అంటించేటప్పుడు చేయి ఒక్క క్షణం ఆగితే తప్పులేదు. అంటించడం మానేస్తే మాత్రం తప్పే. జరిగినదాన్ని చెరిపేయడం మోడలర్ పని కాదు కాబట్టి.

తుక్కులోంచి లేచినవి

యుద్ధం ముగిసింది. అమెరికా అప్పు-అద్దె ఒప్పందం కింద బ్రిటన్‌కి ఇచ్చిన విమానాల్ని తిరిగి ఇచ్చేయాలి, లేదా ఎగరకుండా చేసేయాలి. కాన్పూర్‌లో పోగుపడ్డ లిబరేటర్లకి రెండో గతి పట్టింది. పనిముట్లతో పొడిచి, ఇంజిన్లలో ఇసుక పోసి, మళ్లీ లేవకుండా పాడుచేసి వదిలేశారు. తుక్కుకింద లెక్క.

స్వతంత్ర భారతానికి బాంబర్లు కావాలి. కొనే స్తోమత లేదు. అప్పుడు బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ, అంటే నేటి హెచ్‌ఏఎల్, ఆ తుక్కు మీద కన్నేసింది. దాని సాంకేతిక నిపుణులు కాన్పూర్ వెళ్లి, ఒకదాని చేయి ఇంకోదానికి, ఇంకోదాని కాలు మరోదానికి పెట్టినట్టు విడిభాగాలు ఏరి కూర్చి, ఒక్కో విమానాన్నీ ఒక్కసారి ఎగరగలిగే స్థితికి తెచ్చారు. ఆ ఒక్కసారీ బెంగళూరు దాకా. నడిపింది సంస్థ టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ. దారిలో ఏ ఇంజిన్ మొరాయిస్తుందో తెలియని విమానాల్ని ఒకటి తర్వాత ఒకటి క్షేమంగా దించారాయన. బెంగళూరులో వాటిని పూర్తిగా విప్పి బాగుచేశారు. అలా 40 దాకా లిబరేటర్లు మళ్లీ లేచాయి. 1948 నవంబరులో వాటితోనే వైమానిక దళం 5వ స్క్వాడ్రన్ మొదలైంది. తర్వాత 6వ స్క్వాడ్రన్ వాటితో సముద్రం మీద నిఘా కాసింది. 1968 దాకా అవి మన ఆకాశంలో ఉన్నాయి. పుట్టిన దేశంలో ఎప్పుడో కరిగించేసిన విమానాలు!

ఇప్పుడు వాటి రెక్కల మీద మళ్లీ ఓ కొత్త గుర్తు. తొలి ఏళ్లలో అశోక చక్రం, ఆ తర్వాత మూడు రంగుల వలయం. బయట ఆకుపచ్చ, మధ్యలో తెలుపు, నడిమధ్యన కాషాయం. జెండాలో పైనున్న కాషాయమే వలయంలోనూ బయట ఉంటుందనుకుని తిరగేసి వేసే మోడలర్లు లేకపోలేదు.

ఏ రోజుది?

మన దళం వీటిని విశ్రాంతికి పంపేసరికి ప్రపంచంలో లిబరేటర్లు దాదాపు కనుమరుగయ్యాయి. దాంతో పెద్ద పెద్ద మ్యూజియాలు భారత్ వైపు చూశాయి. 1968లో ఒకటి కెనడాకి వెళ్లింది. 1969లో ఇంకోటి అమెరికాలోని అరిజోనాకి. 1974లో మరొకటి బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి. ఒకటి మన దగ్గరే, ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో నిలిచిపోయింది.

అక్కడి మ్యూజియాలకీ మన బల్ల దగ్గర కూర్చున్న ఆయనకి ఎదురైన ప్రశ్నే ఎదురైంది. ఏ రంగు వేయాలి? కెనడా తన గుర్తులు వేసుకుంది. అరిజోనా అమెరికా నక్షత్రం వేసింది. బ్రిటన్ యుద్ధకాలం నాటి నంబరుకే పెద్దపీట వేసింది. ఎవరి సెంటిమెంటు వారిది. తప్పుపట్టలేం. కానీ ఆ పూతల కింద ఉన్నది భారత్‌లో ఇరవై ఏళ్ల పాటు ఎగిరిన లోహం. బెంగళూరు పనివాళ్లు బిగించిన రివెట్లు. పేరు కూడా నమోదుకాని మెకానిక్కుల చేతిపని. అది బయటికి కనిపించాలంటే పాలం వెళ్లాలి. లేదంటే ఎవరో ఒకరు ఓపిగ్గా ఓ మోడల్ మీద మూడు రంగుల వలయం వేయాలి.

పెట్టెలో వచ్చే డెకాల్స్ ఎక్కువగా అమెరికావీ బ్రిటన్‌వీ. మన గుర్తులు కావాలంటే విడిగా వెతుక్కోవాలి, లేదా వృత్తలేఖినికి బ్లేడు కట్టి టేపులో వలయాలు కోసుకుని చేత్తోనే వేసుకోవాలి. పాత ఫొటోలు వెతికి నంబరు సరిచూసుకోవాలి. ఒక్కో రేకుని ఒక్కో మెరుపుతో తీర్చాలి. ఈ విమానం విషయంలో రేకులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే తప్పు కాదు. తుక్కులోంచి ఏరి కూర్చిన విమానం మరి!

చివరి వార్నిష్ ఆరింది. టేపులు ఊడదీశాక అద్దాలు మెరిశాయి. సీసం గుండ్లు పనిచేశాయి, ముక్కు నేలకే ఉంది. సాయంత్రం టీ తాగడానికి వచ్చిన పక్కింటాయన అలమర వైపు చూసి, ‘‘బాగుందండీ, ఏ దేశందీ విమానం?’’ అని అడుగుతాడు.

జవాబు చెప్పడానికి ఒక కప్పు టీ చాలదు.